గంట ఇరవై నిమిషాల లెక్క

హైదరాబాదు నుంచి విశాఖకు విమానంలో గంట ఇరవై నిమిషాల ప్రయాణమేనని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. టికెట్ మీద ఉండే సమయం అదే, కాదనను. కానీ అది ప్రయాణ సమయం అంటే మాత్రం ఒప్పుకోలేను.

రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గం సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది నలభై నిమిషాల దూరం. మిగతా సమయమంతా రన్‌వే దాకా పాకడానికి, పైకెక్కడానికి, మళ్లీ దిగడానికి పోతుంది. ఇంత తక్కువ దూరంలో విమానం పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. టీ కప్పు చేతికి వచ్చి, చల్లారేలోపే బెల్టు పెట్టుకోమంటారు!

ఇక నా సంగతి. ఉండేది కూకట్‌పల్లిలో. పోయిన నెల ఉదయం ఏడు గంటల విమానానికి మూడున్నరకే లేచాను. శంషాబాద్ చేరేసరికి ఐదు దాటింది. తనిఖీ వరుసలో నా ముందున్న పెద్దాయన సంచిలోంచి ఆవకాయ సీసా బయటికి తీయించారు. ఆయన బతిమాలుతుంటే వరుసంతా నిలబడిపోయింది. మద్దిలపాలెంలో మా అక్కయ్య ఇంటి గుమ్మం తొక్కేసరికి తొమ్మిదిన్నర. అంటే ఆరు గంటలు.

అదే సికింద్రాబాద్‌లో రైలెక్కితే వందే భారత్ దాదాపు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటిస్తుంది, అదీ ఊరి నడిబొడ్డునే దించుతుంది. పైగా దారిలో రాజమండ్రి దగ్గర గోదావరి కనిపిస్తుంది. ఆవకాయ సీసానూ ఎవరూ అడగరు.