మహారాజశ్రీ తలూపుడు గారికి

అయ్యా,

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా, మెదడు ఎక్కడ పనిచేస్తోందో చూపించే ఎమ్మారై స్కానర్ దగ్గర, తమరి క్షేమాన్ని నేను గ్రాఫు గీసుకుని మరీ చూశాను. తల జరిగినందుకు మూడు గీతలు, తిరిగినందుకు మూడు గీతలు. అందులో పైకీ కిందికీ తిరిగే గీత ఒకటుంది, ఇరవై సెకన్లు అల్లల్లాడుతుంది, ఇరవై సెకన్లు పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. నా ఐదేళ్ళ పీహెచ్‌డీలో ఇంత శుభ్రమైన గీత ఏ మెదడూ నాకు ఇవ్వలేదు.

ఆ ఒక్క గంట స్లాటు కోసం మూడు వారాలు తిరిగాను. ఆసుపత్రికి పేషెంట్లు ముందు, మేం తర్వాత, అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. 19వ నెంబరు సబ్జెక్టు రిటైరైన లెక్కల మాస్టారు, పాపం ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. వాచీ, ఉంగరం, జేబులో పెన్ను, బనియన్‌కి పెట్టుకున్న పిన్నీసు, మొలతాడుకి కట్టుకున్న బీరువా తాళంచెవి అన్నీ తీయించాం. (తాళంచెవి దగ్గర పది నిమిషాలు పట్టింది, ఆయనకి మా మీద నమ్మకం లేదు.) చెవుల్లో ప్లగ్గులు పెట్టి, తలకి రెండు పక్కలా స్పాంజీలు కుక్కి లోపలికి పంపాం. టక టక టక మని మొదలైంది. నా టెన్షన్ నాది, ఊరుకోలేక మైకు నొక్కి "మాస్టారూ, మొదలైంది, తల మాత్రం కదపకండి" అన్నాను.

తలూపారు.

సరే అన్నమాట. నోటితో కూడా "సరే బాబూ" అన్నారట, ఆ చప్పుడులో నాకు వినపడలేదు, తమరు మాత్రం కనపడ్డారు. పైగా ఎప్పుడొచ్చారు తమరు! చాలామంది స్కానర్ ఫోటో తీస్తుందనుకుంటారు. ఫోటో లేదు గీటో లేదు. తల చుట్టూ ఉన్న 32 కాయిళ్ళు (తీగచుట్టలు) తల లోంచి వచ్చే రేడియో సిగ్నల్‌ని తలా కొంత వింటాయి, విన్నదాన్ని ఫోరియర్ లెక్కతో తిప్పి మేం బొమ్మ కట్టుకుంటాం. త్వరగా అయిపోవాలని మధ్యమధ్యలో కొన్ని వరసలు అసలు చదవం. ఏ కాయిల్‌కి ఏ మూల ఎంత వినిపిస్తుందో మొదటి కొన్ని సెకన్లలో నేర్చుకుని, ఆ లెక్కతోనే తర్వాత పది నిమిషాలూ ఖాళీలు పూరిస్తాం. తమరు దయచేసింది సరిగ్గా ఆ మొదటి కొన్ని సెకన్లలో. అంటే పునాది గొయ్యిలో కాలు పెట్టి మరీ ఆశీర్వదించారు.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. అసలు కథ తర్వాత.

ప్రయోగం ఏమంత గొప్పది కాదు. ఇరవై సెకన్లు మనసులో పదిహేడో ఎక్కం, ఇరవై సెకన్లు తెర మీద కూడిక గుర్తు చూస్తూ ఊరికే ఉండటం, అలా పది నిమిషాలు, రెండు సెకన్లకి ఒకటి చొప్పున 300 బొమ్మలు. నేను మర్చిపోయింది ఏమిటంటే ఆ తల నలభై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన తల. పదిహేడు ఒకట్లు పదిహేడు, తల కిందికి. పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు, తల పైకి. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి అనేసరికి నేను కంట్రోల్ రూంలో తల పట్టుకున్నాను. స్పాంజీలు పక్కలకి కుక్కుతాం సార్, అడ్డంగా ఊపకుండా. తమరు నిలువునా వస్తారని స్పాంజీకి ఎవరు చెప్పాలి?

ఎంత ఊగింది అంటే అర మిల్లీమీటరు. సన్నబియ్యం గింజ మందం కూడా ఉండదు. అంతదానికే ఇంత గోలా అని బయటివాళ్ళు నవ్వుతారు, మా ఇంట్లోనూ నవ్వారు. మెదడు పనిచేసినప్పుడు సిగ్నల్ పెరిగేది మహా అయితే ఒకటి రెండు శాతం, అదీ రక్తం తీరిగ్గా బయల్దేరి ఐదారు సెకన్లకి వచ్చాక. బొమ్మలో మెదడుని చిన్న చిన్న గడులుగా కోస్తాం; మెదడు అంచున ఉన్న మూడు మిల్లీమీటర్ల గడిలో సగం మెదడు, సగం నీళ్ళు ఉంటాయి. ఆ గడిలో సరుకు కొంచెం పక్కకి జరిగితే చాలు, ఆ ఒకటి రెండు శాతం ఏ మూలకీ ఆనదు. రాత్రి ఫలితం వేసి చూస్తే పదిహేడో ఎక్కం మాస్టారి పుర్రె చుట్టూ వెలుగుతోంది, ముందు ఎర్రగా, వెనక నీలంగా, దసరాకి అమ్మవారికి పెట్టిన కిరీటంలాగా. లెక్కలు చేసే చోట ఏముందయ్యా అంటే ఏమీ లేదు.

ఇక గారు, తమరు అనడం నా వల్ల కాదు.

నువ్వు ఎప్పుడో ఒకసారి దగ్గులాగా వచ్చిపోయి ఉంటే నీకు మందుంది. బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి సర్దుతాం, నీ ఆరు గీతల్నీ మోడల్‌లో పెట్టి నీ వాటా తీసేస్తాం, అత్యాశ ఉన్నవాళ్ళు ఆరుని ఇరవై నాలుగు చేసుకుంటారు. కానీ నువ్వు పనితో పాటే వస్తావు, పనితో పాటే పోతావు. ఎక్కం గీత, నీ గీత కవల పిల్లలు. ఒకదాన్ని తీస్తే రెండోది కూడా పోతుంది. కలుపు పీకబోతే వరి చేతికొచ్చింది నాకు. ఒక్కో ఎక్కం విడివిడిగా, ఎడాపెడా వ్యవధులతో అడిగి ఉంటే, నువ్వు వెంటనే వస్తావు, రక్తం ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్ను కొంతైనా విడదీసేవాణ్ణి. ఇరవై సెకన్ల బ్లాకులు పెట్టింది నేనే. అది నాకు గుర్తు చేయకు.

2012లో నీ మీద వరసగా పేపర్లు వచ్చాయి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు తలని 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బంతి అనుకుని, ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య నువ్వెంత ఊగావో ఒక్క అంకెలోకి తెచ్చారు. చూస్తే, సర్దినా, నీ గీతలు తీసేసినా నువ్వు పోలేదు. మెదడులో దగ్గరి చోట్ల మధ్య సంబంధం పెరిగినట్టు, దూరపు చోట్ల మధ్య తగ్గినట్టు చూపిస్తున్నావు. పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ కదులుతారు కదా, పిల్లల మెదడు అల్లిక అలాగే ఉంటుందని అప్పటిదాకా చెప్పుకున్నదాంట్లో కొంత నీ చలవేనని తేలింది. అప్పట్నుంచీ ఊగిన బొమ్మల్ని పీకి పారేయడం ఒక ఆచారం. నా 300లో 112 పోయాయి. పోనీ ఊగేవాళ్ళని మొత్తానికే మానేద్దామా అంటే పసివాళ్ళు, ముసలివాళ్ళు, నిలకడ లేని రోగులు, ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్ళే పోతారు. మిగిలేది బొమ్మల కొలువు.

మిగతావాళ్ళ మీద నాకు ఇంత కోపం లేదు. చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు చూపిస్తే దాని మెదడూ వెలిగిందని 2009లో చూపించారు, వేల గడుల్ని ఒకేసారి పరీక్షించి, వాటిలో ఊరికే యాదృచ్ఛికంగా వెలిగేవాటికి చేయాల్సిన దిద్దుబాటు ఎగ్గొడితే అలాగే అవుతుంది, దిద్దితే చేప మళ్ళీ చచ్చిపోతుంది. 2016లో మా సాఫ్ట్‌వేర్లు కొన్ని సెట్టింగుల్లో లేనిది ఉందని చూపించే తప్పుల్ని, 5 శాతం ఉండాల్సినవాటిని, 70 శాతం దాకా తీసుకెళ్తున్నాయని తేలింది, సిగ్గుపడి సెట్టింగులు మార్చుకున్నాం. 2020లో ఒకే డేటా 70 బృందాలకి ఇస్తే ఏ రెండూ ఒకే దారిలో నడవలేదు. సరే, అది మా జాతకం. ఇవన్నీ మా చేతిలో ఉన్న తప్పులు. నువ్వు డేటాలోకే వచ్చి కూర్చుంటావు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు 1945లోనే చెప్పారు, డేటాలో ఉన్న సమాచారాన్ని బట్టే అంచనా పదునుకి ఒక హద్దు ఉంటుందని. ఆ హద్దు నువ్వొచ్చినప్పుడల్లా ఇంకాస్త మొద్దుబారుతుంది.

గంగిరెద్దు తలూపితే పాత చీరైనా ఇస్తారు. నీకేం దొరుకుతుందిరా?

స్కాన్ అయ్యాక మాస్టారు తాళంచెవి కట్టుకుంటూ, "పదిహేడు ఒక్కసారి కూడా తప్పలేదు బాబూ, నీ మిషన్‌లో చూసుకో" అన్నారు. ఆయన ఒక్కసారి కూడా తప్పలేదని నాకు తెలుసు, ఒక్కో గుణకారానికీ నీ సంతకం ఉంది. ఆయనకి టీ ఇప్పించి, ఆటో ఎక్కించాను. ఏమీ చెప్పలేదు.

రెండు వారాల తర్వాతి తేదీకి మళ్ళీ స్లాటు దొరికింది. ఈసారి నుదుటి మీద టేపు అంటించి రెండు చివర్లూ కాయిల్‌కి అతికిస్తాం, తల కదిలితే చర్మం లాగుతుంది, మనిషికి తెలుస్తుంది. పొద్దున వీడియో కాల్ చేసి, టేపు సంగతి చెప్పి, "ఈసారి అస్సలు కదలకూడదు మాస్టారూ" అన్నాను. "అలాగే బాబూ" అన్నారు.

ఎలా అన్నారో నీకు చెప్పక్కర్లేదు.

ఇట్లు,
112 బొమ్మలు నీకు సమర్పించుకున్నవాడు