రెండో గేట్‌వే తనంతట తాను లేవాలా?

తిరుపతి బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జి. మేడ మీద ఒక స్విచ్, దానికి గేట్‌వేలుగా, అంటే బయటి ఇంటర్నెట్‌కు ద్వారాలుగా, రెండు రూటర్లు, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు. మొదటిది పోతే రెండోది దానంతట అదే అందుకోవాలా, మనిషే మార్చాలా అన్నది వాదం.

నిర్వాహకుడు: రెండో రూటర్ వద్దనను అమ్మా. అది తనంతట తాను పెత్తనం తీసుకోవడమే నాకు నచ్చదు. లైను పోతే రాత్రి డ్యూటీ కుర్రాడు కేబుల్ మారుస్తాడు. ఏం జరిగిందో అతనికీ తెలుస్తుంది, తెల్లారితే నాకూ తెలుస్తుంది.

ఇంజనీరు: తెల్లవారుజామున రైలు దిగినవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉంటారు సార్. భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు, చేతుల్లో ఆధార్ కార్డులు. బుకింగ్ తెర కదలదు. ఆ కుర్రాడు వాళ్లకు జవాబు చెప్పాలా, మేడ ఎక్కాలా? వీఆర్‌ఆర్‌పీ, అంటే ఒక రూటర్ ఆగితే రెండోది దాని స్థానం తీసుకునే పద్ధతి, పెడితే రెండు రూటర్లకూ కలిపి ఒకే వర్చువల్ చిరునామా ఉంటుంది. కౌంటర్ కంప్యూటర్లకు గేట్‌వే అదే. పనిలో ఉన్న రూటర్, అంటే మాస్టర్, సెకనుకోసారి ‘ఉన్నాను’ అని చాటుతుంది. ఆ మాట ఆగిపోతే, ప్రయారిటీ, అంటే ఎవరు ముందో చెప్పే అంకె, 100 ఉన్న బ్యాకప్ రూటర్ సుమారు 3.6 సెకన్లలో మాస్టర్ అవుతుంది. వర్చువల్ మ్యాక్ చిరునామా (లోపలి నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) కూడా అదే ఉంటుంది కాబట్టి కంప్యూటర్లలో ఏదీ మార్చనక్కర్లేదు.

నిర్వాహకుడు: అది రూటర్ పాడైనప్పటి మాట. ఇక్కడ పాడయ్యేది రూటర్ కాదు. నవంబరు వానల్లోనో, రోడ్డు తవ్వకాల్లోనో ఫైబర్ తెగుతుంది. రూటర్ దీపాలు పచ్చగానే ఉంటాయి. మీ మాస్టర్ ‘ఉన్నాను, ఉన్నాను’ అంటూనే ఉంటుంది, బయటికి దారి మాత్రం ఉండదు.

ఇంజనీరు: అసలు సంగతి అదే సార్. చాలాచోట్ల వీఆర్‌ఆర్‌పీ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అది లోపలి వైపు మాత్రమే వింటుంది. బయటి వైపు పోర్టును గమనించినా చాలదు. ఫైబర్ తెగినా మోడెంకూ రూటర్‌కూ మధ్య కేబుల్ బాగానే ఉంటుంది కదా. అందుకని కంపెనీ అవతల ఉన్న చిరునామాకు రూటర్ పింగ్ చేస్తూ, అంటే ‘ఉన్నావా’ అని అడుగుతూ, ఉండాలి. జవాబు రాకపోతే మాస్టర్ ప్రయారిటీ 120 నుంచి 90కి దిగుతుంది. 100 ఉన్న బ్యాకప్ అందుకుంటుంది.

నిర్వాహకుడు: లైను వస్తూ పోతూ ఉంటే? అటూ ఇటూ మారినప్పుడల్లా బయటి చిరునామా మారుతుంది, సగంలో ఉన్న చెల్లింపు తెగుతుంది. ప్రయారిటీ ఎక్కువైన రూటర్ నడుస్తున్న మాస్టర్‌ను తోసేసి పెత్తనం తీసుకునే ఆ ప్రీఎంప్ట్ తీసేయండి.

ఇంజనీరు: తీసేస్తే ఆ పింగ్ ట్రాకింగ్ పెట్టీ ప్రయోజనం లేదు. ప్రీఎంప్ట్ లేని బ్యాకప్ 90 అన్న మాట విన్నా కదలదు. మాస్టర్ మాట వినపడుతున్నంతసేపూ ఊరుకుంటుంది. దాన్ని ఉంచి, వెనక్కి రావడాన్ని ఆలస్యం చేద్దాం. మొదటి లైను వరుసగా ఐదు నిమిషాలు నిలకడగా ఉంటేనే ప్రయారిటీ మళ్లీ 120 కావాలి. మారే క్షణంలో నడుస్తున్న చెల్లింపు తెగుతుంది, నిజమే. దాన్ని నేను ఆపలేను.

నిర్వాహకుడు: నా భయం ఇంకొకటి. మొదటి లైను పోయిందని ఎవరూ గమనించరు, పని సాగిపోతూనే ఉంటుంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో రెండోది కూడా పోతేనే తెలుస్తుంది.

ఇంజనీరు: మాస్టర్ మారిన ప్రతిసారీ మీ ఫోనుకు సందేశం వస్తుంది. నెలకోసారి మీ ఎదుటే మొదటి లైను పీకి చూద్దాం.

నిర్వాహకుడు: పీకేది నేను. ఇంతకీ, రెండు కంపెనీల ఫైబర్లూ మన వీధి చివరి స్తంభం మీదుగానే వస్తున్నాయి, చూశారా? రెండు రూటర్లకూ యూపీఎస్ ఒకటే, స్విచ్ ఒకటే.

ఇంజనీరు: చూశాను. యూపీఎస్ రేపే వేరు చేయవచ్చు. స్విచ్ రెండోది కొనాలి. స్తంభానికి మాత్రం రూటర్లలో మందు లేదు సార్. రెండో లైను ఫైబర్ కాకుండా మొబైల్ సిమ్ మీద తీసుకోవాలి.

నిర్వాహకుడు: తీసుకోండి. కానీ రద్దీ రోజున ఆ సిమ్ మీద కౌంటర్లన్నీ నడిపి చూపించాకే నా సంతకం.