మెడ తిప్పితే గుర్రం వంగిందట!

గుర్రపు మెడకు ఈమధ్య పట్టిన యోగం ఏ మంత్రిగారికీ పట్టలేదు. శని, ఆదివారాలు వస్తే చాలు, హైదరాబాద్ శివార్లలో ఏ రైడింగ్ క్లబ్బుకు వెళ్లినా అందరి దృష్టీ దాని మీదే. గుర్రం గోడ వెంట నేరుగా నడుస్తుంటుంది. దాని మూతి మాత్రం పైనున్న పెద్దమనిషి మోకాలి దగ్గర ఉంటుంది. ఏం చేస్తున్నారు సార్ అని అడిగితే, "సప్లింగ్ చేస్తున్నా, గుర్రం బాగా స్టిఫ్‌గా ఉంది" అంటారు. ఎడమ రెయిన్ (పగ్గం) లాగి రెండు రౌండ్లు, కుడి రెయిన్ లాగి రెండు రౌండ్లు తిప్పితే ఒళ్లంతా సడలిపోతుందట. రీల్‌లో అలాగే చూపించారట. ఈ ఘనకార్యానికి షోల్డర్ ఇన్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని పెద్దలు అన్నారు కదా. వీళ్లకు మన పెద్దల మాటల్లో నచ్చింది అదొక్కటే. అందుకే మెత్తదనం తమ దరిదాపులకు రాకుండా చూసుకుంటున్నారు.

పాపం, ఫ్రాన్స్‌లో ఫ్రాన్సువా రొబిషోన్ ద లా గెరినియేర్ అని ఒకాయన ఉండేవాడు. 1730 నుంచి పారిస్‌లో తూయిలరీ రాజప్రాసాదపు సవారీ శాలను నడిపాడు. ఆయనకు ముందు తరంలో ఇంగ్లండ్‌కు చెందిన న్యూకాసిల్ డ్యూక్ గుర్రాన్ని వలయంలో తిప్పుతూ, తల లోపలికి ఉంచి సాధన చేయించేవాడు. దానివల్ల బరువంతా ముందు కాళ్ల మీదే పడుతోందని గెరినియేర్ పసిగట్టాడు. వలయం వదిలేసి, గోడ వెంట తిన్నగా సాగుతూ గుర్రం భుజాల్ని లోపలికి తెచ్చాడు. అసలు షోల్డర్ ఇన్ అంటే అదే. 1733 నాటి తన పుస్తకంలో, గుర్రానికి నేర్పాల్సిన పాఠాల్లో మొదటిదీ చివరిదీ ఇదేనని నిలబెట్టాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ ఇవాళ్టికీ ఆయన బాటలోనే నడుస్తోంది. ఇంత చేశాడు గానీ, రెయిన్ గట్టిగా లాగితే పనైపోతుందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. చేతిలో ఫోన్ లేకపోతే చదువు ఇలాగే ఏడుస్తుంది.

అసలు విషయం తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. తెలియనివాళ్లు ఎలాగూ దాటేస్తారు. షోల్డర్ ఇన్‌లో గుర్రం ముందు భాగం గోడ నుంచి సుమారు 30 డిగ్రీలు లోపలికి వస్తుంది, వెనక కాళ్లు గోడ వెంటే సాగుతాయి. ఎదురుగా నిలబడి చూస్తే నాలుగు కాళ్లకు మూడు దారులే కనిపించాలి. లోపలి వెనక కాలూ, బయటి ముందు కాలూ ఒకే దారిలో పడతాయి. ఆ లోపలి వెనక కాలు పొట్ట కిందికి అడుగేసి, కీళ్లు మడిచి బరువు ఎత్తుకోవడం కోసమే ఇంత తతంగం. గుర్రాన్ని ఆ అడుగు అడిగేది రౌతు లోపలి కాలు. భుజం బయటికి జారిపోకుండా కాపు కాసేది బయటి రెయిన్. లోపలి రెయిన్‌కు పెద్ద పనేమీ లేదు. గుర్రం కంటి అంచు పైనున్నవాడికి కాస్త కనిపించేలా చూపు తిప్పితే దాని డ్యూటీ అయిపోయినట్టే. మన క్లబ్బుల్లో మాత్రం డ్యూటీ అంతా దానిదే, ఓవర్‌టైమ్‌తో సహా.

పోనీ గుర్రం ఒంటి నిర్మాణమైనా వీళ్లతో సహకరిస్తుందా అంటే అదీ లేదు. మెడలో ఏడు పూసలున్నాయి, అవి ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. పొట్ట మీద ఈగ వాలితే గుర్రం మూతిని పక్కటెముకల దాకా తెచ్చి తోలుకుంటుంది. అందుకు కోచింగ్ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు. పక్కటెముకలు పట్టుకుని ఉన్న 18 పూసలు మాత్రం పక్కకు వంగేది బహు స్వల్పం. పైగా మనకున్నట్టు దానికి కాలర్ బోన్ లేదు. ఛాతీ మొత్తం రెండు ముందు కాళ్ల మధ్య కండరాల మీద వేలాడుతూ ఉంటుంది. మెడ ఒక్కదాన్నే లోపలికి లాగితే ఆ బరువు బయటి భుజం మీదికి జారుతుంది, గుర్రం అటే పోతుంది. అంటే ఎడమకు చూస్తూ కుడికి వెళ్తుందన్నమాట. మన రాజకీయాల్లో ఇది మామూలే గానీ, అక్కడ దాన్ని ఎవరూ వ్యాయామం అనరు.

ఈ శాస్త్రం పూర్తి స్థాయిలో ప్రదర్శించగా చూడాలంటే ఆదివారం పొద్దున్నే వెళ్లాలి. తెల్లటి బ్రీచెస్, మోకాళ్ల దాకా మెరిసే బూట్లు వేసుకుని మన రౌతుగారు కారు దిగుతారు. బూట్లకు స్పర్స్, అంటే గుర్రాన్ని అదిలించే ఇనుప ముళ్లు, కట్టుకోవాలి. ఆయన వంగరు. వంగితే బ్రీచెస్ గుండీ ఏ దిక్కుకు ఎగురుతుందో ఆయనకే తెలియదు. కాబట్టి సైసు (గుర్రాల్ని చూసుకునే పనివాడు) నేల మీద కూర్చుని స్పర్స్ కడతాడు. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ, ఒక కాలు అయ్యాక రెండో కాలు ఇస్తారు. తర్వాత గుర్రం ఎక్కాలి. మూడు మెట్ల బల్ల తెస్తారు. జీను ఒక పక్కకు తిరిగిపోకుండా సైసు అవతలి రికాబును తన బరువంతా వేసి పట్టుకుంటాడు. సారు మెట్టెక్కి, రికాబులో కాలు పెట్టి, దేవుణ్ణి తలుచుకుని రెండో కాలు లేపుతారు. అది గుర్రం వీపు దాటదు. "సార్, జర కాలు ఇంకొంచెం లేపుండ్రి" అంటాడు సైసు. లేస్తే కదా! బూటు మడమ గుర్రం పిర్ర మీద టప్పున తగులుతుంది. గుర్రం ఒక్క అడుగు పక్కకు జరుగుతుంది. సారు జీనులో కూలబడి, ఊపిరి తీసుకుని, తీర్పు చెబుతారు: "ఇవాళ గుర్రం బాగా స్టిఫ్‌గా ఉంది."

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కూడా ముందు కాసేపు ఆడి ఉంటాడు.

ఇక షోల్డర్ ఇన్ మొదలవుతుంది. రింగ్ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కోచ్ సార్, చేతిలో టీ. "బెండ్... బెండ్... ఇంకా బెండ్!" ఎవరిని వంగమంటున్నారో ఆయన చెప్పరు. సారు లోపలి రెయిన్‌ను తొడ దాకా లాగి పట్టుకుంటారు. లాగిన పక్క నడుము కుంగుతుంది, అవతలి భుజం చెవి దాకా లేస్తుంది, మడమలు ఆకాశం చూస్తాయి. మూడు దారుల్లో నడవాల్సిన గుర్రం రెండు దారుల్లో బుద్ధిగా గోడ వెంట పోతూ, ఇదేం కర్మరా అన్నట్టు ఆయన మోకాలిచిప్పను పరీక్షగా చూస్తుంటుంది. గోడ పక్కన స్నేహితుడొకాయన వీడియో తీస్తూ, "సార్, వన్స్ మోర్, తల ఇంకాస్త ఇటు" అంటాడు. తల ఇంకాస్త ఇటు వస్తుంది. కోచ్ సార్ సంతోషించి ఇంకో టీ తెమ్మంటారు.

సవారీ అయ్యాక బూట్లు లాగించుకుంటూ సారు అసలు సంగతి బయటపెట్టారు. ఆయనకు నడుము నొప్పి అట. డాక్టరు అస్సలు వంగొద్దన్నాడట. ఆ డాక్టరు కూడా రీల్ చూసి, ఈయన చెవి పట్టుకుని మెడను మోకాలి దాకా తిప్పి, "నడుము ఫ్రీ అయిపోయింది, వెళ్లిరండి" అని ఉంటే, సాయంత్రానికి ఆస్పత్రి అద్దాలు మిగిలేవి కావు.

షోల్డర్ ఇన్ నిజమా, నాటకమా తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. లోపలి చెయ్యి ముందుకు చాపి, ఆ రెయిన్‌ను రెండు మూడు అడుగుల పాటు వదులు చేయాలి. గుర్రం అదే వంపులో, అదే లయలో సాగితే అది షోల్డర్ ఇన్. తల తటాలున గోడ వైపు తిరిగితే ఇందాకటి దాకా జరిగింది కుస్తీ. ఈ మాట మర్యాదగా విన్నవిస్తే, ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ వదిలెయ్యమన్నట్టు చూశారు. లెగ్ యీల్డ్ అడిగినా ఇంతే. అందులో గుర్రం దాదాపు తిన్నగా ఉండి, వెళ్లే దిక్కుకు వ్యతిరేకంగా తల దగ్గర కొద్దిపాటి మలుపుతో పక్కకు అడుగులేయాలి. ట్రావర్స్, రెన్వర్స్, హాఫ్ పాస్... గుర్రాన్ని పక్కకు నడిపే ఈ విన్యాసాల్లో అడిగింది ఏదైనా వీళ్ల వంటింట్లో దొరికేది మెడ కూరే.

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సేజ్ (గుర్రం చేత లయబద్ధంగా విన్యాసాలు చేయించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపుస్వారీలో 1982 ఢిల్లీ తర్వాత మనకు వచ్చిన మొదటి స్వర్ణం అదే. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్‌వల్లా యూరప్ వెళ్లి, ఇంటికి దూరంగా ఏళ్ల తరబడి నేర్చుకుని సాధించారు. మన క్లబ్బులు అంత శ్రమ పెట్టుకోలేదు. బోర్డు మీద రైడింగ్ అన్న చోట డ్రెస్సేజ్ అని రాయించాయి, ఫీజు దానికి తగ్గట్టు సవరించాయి. గుర్రాలు అవే, కోచ్ అదే, కుర్చీ కూడా అదే.

అంతర్జాతీయంగా అంతా సవ్యంగా ఉందని నేననను. ఎఫ్ఈఐ, అంటే అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య, గుర్రాన్ని సంతోషంగా ఉండే క్రీడాకారుడిగా తీర్చిదిద్దడమే డ్రెస్సేజ్ లక్ష్యమని నిబంధనల్లో రాసుకుంది. 2010లో అదే సంస్థ లోజాన్‌లో పెద్దల్ని కూర్చోబెట్టి, గుర్రం గడ్డాన్ని ఛాతీకి ఆనించేలా బలవంతంగా మెడ మడవడం ఆమోదయోగ్యం కాదని తేల్చింది. బలవంతం లేకుండా మడిస్తే ఫర్వాలేదని కూడా తేల్చింది. వార్మప్‌లో ఒకే భంగిమలో సుమారు పది నిమిషాలకు మించి ఉంచొద్దని తర్వాత మార్గదర్శకాలిచ్చింది. పదో నిమిషం దాకా సంతోషం, పదకొండో నిమిషం నుంచి హింస. నోస్‌బ్యాండ్ (గుర్రం మూతి చుట్టూ కట్టే పట్టీ) కింద రెండు వేళ్లు దూరాలని తాతల నాటి నుంచి వస్తున్న నియమం ఉంది. ఎవరి వేళ్లు అన్నది తేలక, చివరికి 2025లో కొలిచే పరికరమే తేవాల్సి వచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్ ఇంకో మూడు రోజుల్లో ఉందనగా, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ రైడర్ షార్లట్ డుజార్డిన్ పోటీల నుంచి తప్పుకున్నారు. శిక్షణ ఇస్తూ ఒక గుర్రాన్ని కాళ్ల మీద పదే పదే కొరడాతో కొట్టిన వీడియో బయటపడింది. ఏడాది నిషేధం పడింది. అక్కడ కనీసం వీడియో చూసి ఎవరో ఒకరు సిగ్గుపడ్డారు. ఇక్కడ వీడియో మనమే తీసి, మనమే పెట్టి, లైకులు లెక్కపెట్టుకుంటున్నాం.

ఇప్పటిదాకా నవ్వుకున్నాం, ఇక నవ్వు రావడం లేదు. ఆ క్లబ్బులోనే ఒక పొద్దున, స్టాల్‌లో ఒక గుర్రాన్ని చూశాను. రేసుల నుంచి దిగిపోయిన థరోబ్రెడ్. తలను ఎడమ పక్కకు లాగి, రెయిన్‌ను జీనుకు బిగించి కట్టేశారు. నోస్‌బ్యాండ్ కింద రెండు వేళ్లు కాదు, అగ్గిపుల్ల దూరే సందు లేదు. మెడ మీది కండరం వణుకుతోంది. ఎవరు కట్టారంటే, "సారు టిఫిన్‌కు పోయిండ్రు, అరగంట గట్లనే ఉంచమన్నరు, సప్లింగ్ అయితదట" అన్నాడు సైసు, నా మొహం చూడకుండా. విప్పించాను. గుర్రం తల వెంటనే తిన్నగా పెట్టలేకపోయింది. పెదవి ఎత్తి చూస్తే, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య కళ్లెం ఆనే చోట, ఎముక మీది పల్చటి చిగురు నీలంగా కమిలిపోయి ఉంది.

దీన్ని వ్యాయామం అని ఏ నోటితో అంటారయ్యా? రెండేళ్ల వయసు నుంచి పరిగెత్తి ఎవరెవరి పందేలో గెలిపించి, కాళ్లు అరిగాక ఇక్కడికి వచ్చిన జీవం అది. కట్టేస్తే కుక్క మూలుగుతుంది, ఎద్దు కొమ్ము విసురుతుంది. గుర్రం నొప్పిని నోరు తెరిచి చెప్పదు. చెప్పబోతే ఆ నోటికీ పట్టీ బిగించారు. అరవదు కాబట్టే దాని మీద మీకింత ధైర్యం. చేతకానివాడు నేర్చుకోవాలి, లేదా దిగిపోవాలి. తన చేతకానితనాన్ని తోలు పట్టీతో గుర్రం నోటికి కట్టి టిఫిన్‌కు వెళ్లినవాడు రౌతు కాదు. వాడికి గుర్రాన్ని అద్దెకిచ్చిన క్లబ్బు సిగ్గుపడాలి, కుర్చీలోంచి చూసి ఊరుకున్న కోచ్ అంతకంటే ఎక్కువ సిగ్గుపడాలి.

జీను తీశాక ఆ గుర్రాన్ని సైసు నడిపించుకు వెళ్లాడు. మలుపు దగ్గర ఆగి, జీను పట్టీ కట్టే చోటుకు కాస్త వెనక ఒక్క వేలితో తాకాడు. గుర్రం ఆ పక్క వెనక కాలు పొట్ట కిందికి వేసి, రెండో కాలి ముందు నుంచి దాటించింది. మళ్లీ తాకాడు, మళ్లీ వేసింది. ఒక చేతిలో తాడు వదులుగా ఉంది, రెండో చేతిలో దాణా బకెట్. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, "నేర్చుకునుడేంది సార్, జరుగుమంటే జరుగుతది" అన్నాడు.

ఇదంతా రాసి క్లబ్బు యాజమాన్యానికి పంపాను. చాలా గౌరవంగా జవాబిచ్చారు. నాది పాత పద్ధతి అట, ఇప్పుడంతా సైంటిఫిక్ అట. వచ్చే ఆదివారం అడ్వాన్స్‌డ్ సప్లింగ్ మీద ఒకరోజు వర్క్‌షాప్ పెడుతున్నారు, రమ్మన్నారు. లంచ్, సర్టిఫికెట్, ప్రొఫెషనల్ వీడియో ఫీజులోనే కలిపారు. సైసులకు ప్రవేశం లేదు. గుర్రాల్ని పట్టుకోవడానికి మాత్రం పొద్దున ఆరుకల్లా వచ్చి ఉండాలి.