ఆ నాలుగో అంశాన్ని దయచేసి ఇంకెవరికీ పంపకండి

ఈ నెలలో ఒకే వాట్సాప్ సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. మా పిన్ని పంపారు, నా పాత విద్యార్థులు పంపారు, మా కళాశాల అధ్యాపకుల గ్రూపులో ఒకే రోజు ఇద్దరు పంపారు. ‘డిప్రెషన్ పేరిట దోపిడీ: ప్రతి తెలుగువాడూ తెలుసుకోవాల్సిన ఏడు నిజాలు’ అని దానికి పేరు. రాసినవారి పేరు మాత్రం ఎక్కడా లేదు. పంపినవారంతా మేలు కోరే పంపారని తెలుసు కనుక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నేను వైద్యురాలిని కాను; జూనియర్ కళాశాలలో ఇరవై రెండేళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. అయితే ఆ ఏడింటిలో ఒక మాట మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి ఇక ఊరుకోలేను.

ఇది మన అమ్మమ్మల కాలంలో లేని జబ్బు అన్నది మొదటి అంశం. అప్పట్లో లేకపోతే ‘దిగులుతో మంచం పట్టింది’, ‘బెంగ పెట్టుకుని చిక్కి శల్యమైంది’ అని మన పెద్దవాళ్ళు ఎవరి గురించి అన్నారు? కాన్పయ్యాక పొంతన లేకుండా మాట్లాడుతూ, పసిబిడ్డను దగ్గరకు తీయని బాలింతకు గాలి సోకిందని వేపమండలతో కొట్టించింది ఏ కాలంలో? ‘నుయ్యో గొయ్యో చూసుకుంటాను’ అన్నది ఒక నానుడిగా స్థిరపడిందంటే, ఆ మాట అనవలసి వచ్చినవారు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. మా నాయనమ్మ ఏనాడూ మనసు బాగోలేదని అనలేదు. తల మీద బండ పెట్టినట్టుందని, ఒళ్ళంతా మంటలని, గుండె దడ అని అనేది. నెలకు రెండుసార్లు ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి బలానికని సూది వేసి వెళ్ళేవాడు. ఆమెకు ఏమైందో ఎవరమూ అడగలేదు. ఇప్పుడు ఆమె మౌనాన్నే ఆరోగ్యానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు.

రెండో అంశం ప్రకారం ఇది పనీపాటా లేని డబ్బున్నవాళ్ళ జబ్బు, వైద్యుల వ్యాపారం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. ఆడవాళ్ళలో సగానికి పైగా గృహిణులు. మొత్తం మీద అరవై శాతానికి పైగా మందికి వార్షికాదాయం లక్ష రూపాయల లోపు. వీరిలో పనీపాటా లేనివారు ఎవరో ఆ సందేశం రాసినవారు చెప్పాలి. ఇక వ్యాపారం సంగతి చూద్దాం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వారిలో డెబ్బై శాతానికి పైగా చికిత్స దాకా రానేలేదని తేలింది. చికిత్సకే రానివారిని వైద్యులు దోచుకునేది ఎలా?

మూడో అంశం మందుల గురించి. మానసిక వైద్యులు ఇచ్చేవన్నీ నిద్రమాత్రలేనని, మొదలుపెడితే బతికినంతకాలం మానలేమని అందులో ఉంది. ఇందులో కొంత నిజముందని ఒప్పుకుంటాను. ఆల్‌ప్రజోలామ్ వంటి నిద్ర, ఆందోళన మాత్రలకు శరీరం అలవాటు పడుతుంది. వాటిని చీటీ లేకుండా అమ్మే దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినకుండా మూడు నిమిషాల్లో చీటీ రాసిచ్చే వైద్యులూ ఉన్నారు. అయితే డిప్రెషన్‌కు వాడే మందులు అవి కావు. ఇవి పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో చాలామంది పదో రోజున గుణం లేదని మానేస్తారు. కుదుటపడ్డాక కూడా కొన్ని నెలలు వాడి, వైద్యుల సలహాతో మోతాదు తగ్గించుకుంటూ మానాలి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వంటివి రావచ్చు కనుకనే అది వ్యసనమన్న అపోహ పుట్టింది.

ఇక నాలుగో అంశం. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: ‘చస్తానని చెప్పేవాళ్ళు ఎన్నడూ చావరు, బెదిరిస్తారు అంతే. పట్టించుకోకండి. ఆ విషయం అడిగితే లేని ఆలోచన మీరే పుట్టించినవారవుతారు.’

ఇందులో ప్రతి వాక్యమూ అబద్ధమే. ప్రాణం తీసుకున్నవారిలో చాలామంది అంతకుముందు ఎవరికో ఒకరికి ఏదో ఒక రూపంలో చెప్పినవారే. నేరుగా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అడిగితే చాలామందికి గుండె బరువు తగ్గుతుంది. నాకు ఇది కాగితం మీద చదివినందువల్ల తెలిసింది కాదు.

కొన్నేళ్ళ క్రితం ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకు వచ్చి, నేను మొదటి సంవత్సరంలో వాడుకోమని ఇచ్చిన చేతి లెన్సును బల్ల మీద పెట్టాడు. దాన్ని జేబురుమాలులో నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. “ఇక నాకు అవసరం పడదు మేడమ్,” అన్నాడు. ప్రాక్టికల్ పరీక్షలు ఇంకా పది రోజులున్నాయి. అంతకు వారం ముందే తన నోట్సు మొత్తం పక్కవాడికి ఇచ్చేశాడని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. తలుపు దగ్గరగా వేసి, కూర్చోబెట్టి, నా గొంతు వణుకుతుండగానే అడిగాను: “చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?” చాలాసేపు లెన్సు వైపే చూశాడు. తరువాత, “ఎవరూ అడగలేదు మేడమ్,” అని ఏడ్చాడు. ఆ రోజు అతణ్ణి ఒంటరిగా వదల్లేదు. తండ్రిని పిలిపించి, ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఏమున్నా తాళం వేయమని చెప్పి, మర్నాడు ఉదయం బస్సులో జిల్లా ఆసుపత్రికి వెళ్ళాము. ఆ రోజు నేను ఈ సందేశాన్ని నమ్మి ఉంటే ఏమయ్యేది? ‘పట్టించుకోకండి’ అని రాసిన ఆ మనిషి ఆ తండ్రికి ఏమని సమాధానం చెప్పేవాడు? ఒక్క వేలితో పంపించేస్తున్నారే, మీ ఇంట్లోనే పదిహేడేళ్ళ బిడ్డ ఒకడు అదే సందేశం చదివి, చెప్పినా ఎవరూ నమ్మరని నిశ్చయించుకుంటాడని ఒక్కసారైనా తోచలేదా?

అయిదో అంశం, ఒకసారి మానసిక వైద్యుడి గడప తొక్కితే పిచ్చివాడని రికార్డుకెక్కి ఉద్యోగం రాదని. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం రోగి హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని అదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేసే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి. లోకం వేసే ముద్ర మాత్రం నిజమే. మానసిక వైద్యశాల ఉన్నది ఎర్రగడ్డలో కనుక హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది నేటికీ తిట్టే. ఆ ముద్ర వేస్తున్నది ఇలాంటి సందేశాలే.

ఆరో అంశం, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని. ఎవరి కూతురినో మందు సీసాలా తెచ్చి ఇంట్లో పెట్టుకునే హక్కు మనకు లేదు. ఇంతకు మించి దీనికి జవాబు అక్కర్లేదు.

ఏడో అంశంలో అరటిపండు, సూర్యోదయం, చన్నీళ్ళ స్నానం ఉన్నాయి. వాటి వల్ల నష్టం లేదు. చికిత్సకు బదులుగా మాత్రం పనికిరావు. అయితే వాటి చివర ఉన్న ‘రోజూ ఒక పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయండి’ అన్న వాక్యాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆసుపత్రి వరండాలో ఆ అబ్బాయి తల్లి నాతో, “మూడు వారాలుగా చారన్నం కూడా సరిగ్గా ముట్టలేదు మేడమ్, పరీక్షల బెంగ అనుకున్నాను,” అన్నారు. ఎవరు తినడం లేదో, ఎవరి కళ్ళ కింద నిద్రలేమి కనిపిస్తోందో, ఎవరు మాటలు తగ్గించారో ఆ విస్తరి దగ్గరే తెలుస్తుంది. రెండు వారాలకు పైగా అలాగే ఉంటే అడగాలి. ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయాలి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ, టెలీ మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్నవారే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చేయవచ్చు.

నిన్న రాత్రి పిన్నికి ఫోన్ చేసి ఈ మాటలన్నీ చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత తాను ఆ సందేశం పంపిన మూడు గ్రూపుల్లోనూ నాలుగో అంశం తప్పని రాసి, కింద 14416 అని చేర్చారు. మిగిలిన పదిమందినీ నేను కోరేది అదే: ఏ గ్రూపులో పంపారో ఆ గ్రూపులోనే, ఈ రోజే ఆ మాట రాయండి.