గాట్స్‌బీ వంటింటి రసయంత్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రసయంత్రం గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1925లో వెలువరించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవల గురించి మాట్లాడేవాళ్లందరూ, కొత్త కోటీశ్వరుడు గాట్స్‌బీ ప్రేమించిన డెయిసీ ఇంటి రేవు చివర వెలిగే పచ్చదీపం దగ్గరే ఆగిపోతారు. తమరి ఊసెత్తే నాథుడు లేడు. తమరికి దక్కింది రెండు వాక్యాలే కావచ్చు. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ సంపద ఎలా నడుస్తుందో చెప్పడానికి నాకు మాత్రం అవే చాలు.

తమ యజమాని గాట్స్‌బీ ఇచ్చే వారాంతపు విందుల కోసం ప్రతి శుక్రవారం న్యూయార్క్ పళ్ల వర్తకుడి దగ్గర నుంచి అయిదు పెట్టెల నారింజలు, నిమ్మకాయలు వచ్చేవి. సోమవారం నాటికి అవే పళ్లు గుజ్జులేని డొప్పల గుట్టగా పెరటి గుమ్మం దాటేవి. వీధి గుమ్మం వైపు ఒక్క డొప్ప కూడా కనబడకూడదు. ఆ మాత్రం మర్యాద ఆ ఇంటికి తెలుసు.

తమరు అరగంటలో రెండు వందల నారింజల రసం తీయగలరట. షరతల్లా ఒక్కటే: బట్లర్ తన బొటనవేలితో రెండు వందల సార్లు మీట నొక్కాలి. అంటే తొమ్మిది సెకన్లకు ఒకసారి. ద్రోణుడు ఏకలవ్యుడిని బొటనవేలు ఒక్కసారే అడిగాడు, పాపం మొహమాటస్థుడు. ఇంత చేసీ కీర్తి యంత్రానిదే. ఆ బట్లర్ పేరేమిటో, వేలు కాయలు కాసిందో లేదో నవలలో లేదు.

ఆ రసంలో ఏం కలిపేవారో తమరికి తెలియనిది కాదు. 1920 నుంచి దేశమంతటా మద్యనిషేధం. 1922 వేసవిలో తమ యజమాని తోటలో మాత్రం మద్యానికి కొదవ లేదు. మందుల దుకాణాలు కొని వాటిలో సారా అమ్మించాడని డెయిసీ భర్త టామ్ బుకానన్ అందరి ముందూ గాట్స్‌బీని కడిగేస్తాడు. ఎక్కడనుకున్నారు? ప్లాజా హోటల్ గదిలో, ఇంటి నుంచి తువ్వాలులో చుట్టి తెచ్చుకున్న విస్కీ సీసా సాక్షిగా. అమ్మితే నేరం, తాగితే వంశమర్యాద. ఈ టామే పెళ్లికి ముందురోజు డెయిసీకి 3,50,000 డాలర్ల ముత్యాల హారం ఇచ్చాడు. ఆ సొమ్ము ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పెద్దలు ఇచ్చిన ఆస్తి కదా! ఆ పెద్దలు ఎవరి వేళ్లతో ఏ మీటలు నొక్కించారో అడగడం సభ్యత కాదు.

తమ యజమాని కూడా పుట్టుకతో ఇలా లేడు. చిన్నప్పుడు ఒక పుస్తకం చివరి ఖాళీ పేజీ మీద దినచర్య రాసుకున్నాడు. అందులో వారానికి 5 డాలర్లు దాచాలని రాసి, కొట్టేసి, 3 అని దిద్దాడు. రెండు డాలర్ల దగ్గర తనకు తాను అబద్ధం చెప్పుకోలేని కుర్రాడు! ఆయన చనిపోయాక ఆ పుస్తకాన్ని ముసలి తండ్రి ఎంతో గర్వంగా చూపించాడు.

చూడడానికి విందులకు వచ్చినవాళ్లు ఉండాలిగా! చెరువు నిండితే కప్పలు చేరడం మాకు కొత్త కాదు. ఎండిన చెరువుకు ఫోన్ చేసి, తన టెన్నిస్ బూట్లు పంపమన్న కప్పను మాత్రం ఇక్కడే చూశాను. ఆ ఇంట్లోనే మకాం వేసి తిన్న క్లిప్‌స్ప్రింగర్ అతను. వ్యాపారంలో భాగస్వామి వుల్ఫ్‌షైమ్ అయితే, స్నేహం మనిషి బతికుండగానే చూపాలని హితబోధ చేసి అంత్యక్రియలకు రాకుండా ఉండిపోయాడు. డెయిసీ ఒక పువ్వు కూడా పంపలేదు.

తమరు నొచ్చుకోనంటే ఒక మాట. తమకంటే పనితనం ఉన్న వంటిల్లు అఖాతానికి అవతల ఈస్ట్ ఎగ్‌లో ఉంది. డెయిసీ నడిపిన గాట్స్‌బీ కారు కింద టామ్ ప్రియురాలు మర్టిల్ పడి చనిపోయిన రాత్రి, బుకానన్ దంపతులు ఆ వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చల్లారిన కోడి వేపుడు, రెండు సీసాల ఏల్ అనే బీరు. ఎవరూ ముట్టలేదు. ఆమె చేతి మీద అతని చెయ్యి. బయట గాట్స్‌బీ ఆమెకు కాపలా కాస్తున్నాడు! మర్నాడు మర్టిల్ భర్త విల్సన్‌కు ఆ కారు గాట్స్‌బీదని టామ్ చెప్పాడు. నడిపింది ఎవరో చెప్పలేదు. విల్సన్ గాట్స్‌బీని కాల్చి, తననూ కాల్చుకున్నాడు. ఈలోగా ఆ దంపతులు సామాను సర్దుకుని ఊరు దాటారు.

అక్టోబరులో టామ్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక నగల దుకాణంలోకి వెళ్లాడు, ముత్యాల హారానికో, చొక్కా చేతుల గుండీలకో. గాట్స్‌బీ ఇంటి సామాను వేలానికి వస్తే తమరిని కొనగల స్తోమత కూడా ఆయనకే ఉంది. కొంటానంటే జీతం, సెలవుల సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. బట్లర్ తరఫున కూడా.

ఇట్లు,
ఒక పాఠకుడు