పోయిన నటుణ్ణి మళ్లీ లేపడం అవసరమా?

1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'లో ఆ గ్రహాంతర జీవి తెరమీద కనబడేది కాసేపే అయినా, అంతరిక్ష నౌక గొట్టాల చాటున ఎక్కడ నక్కిందోనన్న అనుమానమే మనల్ని వణికించింది. అదే వరుసలో వచ్చిన 2024 నాటి 'ఏలియన్: రోములస్'కు, చూపించకుండానే భయపెట్టొచ్చన్న ఆ నమ్మకం ఏమైంది? మొదట్లో బాగానే భయపెట్టి, తీరా మొదటి 'ఏలియన్'లో మరమనిషిగా నటించి 2020లో కన్నుమూసిన ఇయన్ హోమ్ ముఖాన్ని నడుము దాకా తెగిపోయిన మరమనిషికి అతికించి, మాట ఒకవైపు, పెదవి ఒకవైపు పోతుంటే భయపడాలా, జాలిపడాలా? (కుటుంబం ఒప్పుకుందట, నన్నెవరూ అడగలేదు!) అది చాలదన్నట్టు, 1986 నాటి 'ఏలియన్స్'లో నాయిక సిగోర్నీ వీవర్ కడుపుమంటతో గర్జించిన 'గెట్ అవే ఫ్రమ్ హర్, యూ బిచ్' అన్న మాటను ఇందులో ఆండీ అనే మరో మరమనిషి నోట నత్తినత్తిగా పలికించడం దేనికి? పక్క సీటాయన ఈల వేశాడు; నేను తల పట్టుకున్నాను.