వయొలిన్ వల్ల వాటిల్లే నష్టం

టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జనవరి, ఫిబ్రవరి నెలలు అత్యంత పవిత్రమైనవి. హైస్కూలు పిల్లలు మరుసటి ఏడాది చదవవలసిన కోర్సులను ఖరారు చేసే కాలమది. తానేం చదవాలో పదిహేనేళ్ల పిల్లకు తెలిసే అవకాశం లేదు గనుక, తండ్రి ఎక్సెల్ షీటు తెరిచి కూర్చోగా, తల్లి నిరుడు సీటు వచ్చిన పిల్లల తల్లులకు ఫోన్లు చేసి సమాచారం రాబడుతుంది.

కోర్సులు కఠినంగానూ ఉండాలి, సమతూకంగానూ ఉండాలి అని కౌన్సెలర్లు ఏటా చెబుతూనే ఉంటారు. మొదటిది మనకు వెంటనే అర్థమైంది. కామన్ ఆప్‌లో, అంటే చాలా కళాశాలలకు కలిపి పెట్టుకునే ఉమ్మడి దరఖాస్తులో, కౌన్సెలరు పంపే నివేదికలో, తోటివారితో పోలిస్తే ఈ విద్యార్థి కోర్సులు ఎంత కఠినమన్న ప్రశ్నకు 'అత్యంత కఠినం' అన్న గడిలో టిక్కు పడాలి. రెండోదానికి మన షీటులో గడి లేదు.

గడి లేకపోవడానికి కారణం శుద్ధ గణితం. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కళాశాల స్థాయి) కోర్సులో 'ఏ' గ్రేడు వస్తే 6 పాయింట్లు, మామూలు కోర్సులో వస్తే 5. ఆరు ఏపీలలో 'ఏ' తెచ్చుకున్న అమ్మాయి సగటు 6. అదే అమ్మాయి ముచ్చటపడి ఆర్కెస్ట్రాలో చేరి, వయొలిన్‌లోనూ 'ఏ' తెచ్చుకుంటే సగటు 5.86కు పడిపోతుంది. ఆ గంట ఖాళీగా కూర్చున్న పక్కింటి కుర్రవాడు మాత్రం 6 దగ్గరే నిశ్చింతగా ఉంటాడు. లలితకళల్లో ఒక క్రెడిట్ ఉండాలని రాష్ట్రం పట్టుబడుతోంది గనుక ఆ ముచ్చట ఒక్క ఏడాదితో తీరిపోవాలి. వ్యాయామం క్రెడిట్ ఎలాగూ వేసవిలో ఆన్‌లైన్‌లో, కుర్చీలోంచి లేవకుండా, పూర్తిచేయవచ్చు.

ఇంత లెక్క ఎందుకంటే, తరగతిలో ర్యాంకు ఈ సగటును బట్టే, ఆ ర్యాంకులో మొదటి 10 శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తప్పక ప్రవేశమివ్వాలని 1997లో ఈ రాష్ట్రం చట్టం చేసింది. వెనుకబడిన ప్రాంతాల బడులకూ తలుపు తెరవాలన్నది శాసనకర్తల ఉద్దేశం. దానిని శివారు కాలనీల తండ్రులు దశాంశ స్థానాల వరకు అధ్యయనం చేస్తారని వారు ఊహించి ఉండరు. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయమైతే 2026 నుంచి ఆ వాటాను 5 శాతానికి కుదించింది. పైగా ఆ హామీ విశ్వవిద్యాలయం గేటు వరకే గాని కంప్యూటర్ సైన్సు వరకు కాదు. ఈ సంగతి తెలిసినా ఎవరూ బయటికి అనరు.

నాలుగు ఏపీలు చాలు, పిల్ల నిద్ర కూడా చూడండి అని ఒక కౌన్సెలరు ధైర్యం చేసి అన్నప్పుడు, "నిద్రకు వెయిటేజి ఎంతండీ?" అని అడిగిన తండ్రిని నేనెరుగుదును. ఆమె దగ్గర జవాబు లేదు. ఏపీలు ఏడుకు పెరిగాయి.

ఇక మిగిలింది ఫారం అడుగున 'విద్యార్థి సంతకం' అన్న గీత. అక్కడ మాత్రం పిల్ల స్వేచ్ఛకు అడ్డు రాకుండా, పెన్ను ఆమె చేతికే ఇవ్వాలని తల్లిదండ్రులందరికీ మనవి.